గీతల మధ్య గేటు

ఏప్రిల్ 7, మంగళవారం

బాబాయి గేటు దించేశాడు. సుద్దగీత దగ్గర ఆపి ఉంచాల్సిన గేటును తెల్లగీత దాకా దించేసి, తర్వాతి షిఫ్టుకు వచ్చిన నాకు అప్పజెప్పి, చేతులు కడుక్కుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఆనకట్ట కింద నది సగానికి సగం పడిపోయింది. గులకరాళ్ళ మేట మీద చేపలు కట్టుకున్న గూళ్ళు ఎండలో బయటపడ్డాయి. ఇదే పని పరాయివాడు చేసి ఉంటే ఈపాటికి వాడి కాలరు నా చేతిలో ఉండేది.

తెలియక చేశాడా అంటే అదీ కాదు. గేటు పక్క గోడ మీద ఎర్రగీత వానాకాలానికి, తెల్లగీత ఎండాకాలానికి. బాబాయి ఉద్యోగమంతా ఆ రెండు గీతలతోనే నడిచింది. నిన్న చేపలమ్మ, అంటే చేపల మీద పరిశోధన చేసే మేడం, వచ్చి రెంటికీ నడుమ సుద్దముక్కతో ఇంకో గీత గీసింది. గూళ్ళలోని గుడ్లు పిల్లలై ఈదుకుపోయేదాకా గేటు అక్కడే ఉండాలంది. ఇంజనీరు మమ్మల్నందరినీ నిలబెట్టి మరీ చెప్పాడు. బాబాయి ముందు వరసలో నిలబడి తలకాయ ఊపాడు. ఆ ఊపుడు నేను చూశాను.

పొద్దున నేను వెళ్ళేసరికి గేటు గది ఊడ్చి, కిటికీ తుడిచి, నా కుర్చీ కూడా సరిగ్గా జరిపి పెట్టాడు. "గీత మీద పెట్టానమ్మా, చూసుకో," అన్నాడు. పరీక్ష బాగా రాసి వచ్చిన పిల్లాడిలా మొహం వెలిగిపోతోంది.

నేను వెంటనే చూశాను. చూసిన వెంటనే పరిగెత్తాను.

ఇంజనీరు వచ్చి గేటు ఎత్తడం మొదలుపెట్టాడు. చేపలమ్మ ఫోనులోనే కేకలు. "ఒక్కసారిగా వదలొద్దు. వరదలా వస్తే మిగిలినవీ కొట్టుకుపోతాయి. మెల్లగా ఎత్తండి. నీళ్ళు చేరేలోపు గోనెసంచులు తడిపి గూళ్ళ మీద కప్పండి." కాపలా మనిషీ నేనూ సిమెంటు సంచులు, బియ్యం సంచులు, చివరికి గేటు గది ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా కూడా మోసుకెళ్ళాం. మేట మీద కాలు ఎక్కడ పెట్టాలో తెలియదు. గూడు ఏదో ఉత్త రాయి ఏదో నాకు తెలియదు. ఇన్నాళ్ళూ పైనుంచి మీట నొక్కడమే తెలుసు.

చేపలమ్మ వచ్చాక ఒక సంచి అంచు ఎత్తి, వేలితో ఒకే ఒక్క రాయి జరిపింది. కింద ఇంకా తడి ఉంది. ఆ తడిలో గుడ్లు. ఆవగింజ కంటే కాస్త పెద్దవి, తేనె రంగు. చేపగుడ్లంటే ముద్దగా, తెల్లగా ఏదో ఉంటుందనుకున్నాను. ఒక్కో గుడ్డులో రెండు నల్లచుక్కలున్నాయి.

"అవేంటి మేడం?"

"కళ్ళు."

అప్పుడు ఒక జత చుక్కలు గిర్రున తిరిగాయి. నా నీడ వాటి మీద పడింది, అందుకు. ఇంకా పుట్టనే లేదు, నీడకు బెదిరింది.

నేను పక్కకు జరిగాను. ఎంత జరిగినా ఎక్కడో ఒకచోట నా నీడ పడుతూనే ఉంది.


ఏప్రిల్ 8, బుధవారం

బాబాయి ఫోను ఎత్తలేదు. పిన్ని ఎత్తి, "పడుకున్నారమ్మా," అంది. మళ్ళీ చేస్తే మళ్ళీ పడుకున్నాడు. మనిషా కొండచిలువా?


ఏప్రిల్ 9, గురువారం

షిఫ్టు దిగాక మేట దగ్గరికి వెళ్ళాను. నీళ్ళు సుద్దగీత లెక్కకు వచ్చేశాయి. చేపలమ్మ చెక్కపలక వేసుకుని దాని మీద బోర్లా పడుకుని ఉంది. అంత చదువుకున్న మనిషి బట్టలకు బురద పూసుకుని నీళ్ళలో మొహం పెట్టుకుని ఉంటే మా కాపలా మనిషి, "ఈమెకి జీతమిచ్చేది ఇందుకేనా?" అన్నాడు. "నీకిచ్చేది కుర్చీ కాపలాకేగా," అన్నాను. నన్ను ఊరికే నిప్పుకోడి అనరు. ఎగరదు కానీ తన్నుతుందని ఆ పేరు బాబాయే పెట్టాడు.

"రా, పడుకో," అంది చేపలమ్మ. తన అద్దం డబ్బా ఇచ్చింది. అడుగున గాజుపలక బిగించిన డబ్బా, అంతే. నీళ్ళ మీద ఆనించి లోపలికి చూడాలి.

ఇంత కాలం ఈ నదికి పైన బతికాను. ఈరోజు లోపలికి చూశాను.

గులకచేప నా అరచెయ్యంత ఉంటుంది. మట్టిరంగు. పక్కనుంచి వెలుగు పడితే మాత్రం పొట్ట కింద ఒక నారింజ గీత మెరుస్తుంది. మొగది గూడు కడుతుంది. చేతుల్లేవుగా, నోటితోనే. తన తలకాయంత రాయిని పెదాలతో పట్టుకుని, ప్రవాహానికి ఎదురీదుతూ తెస్తుంది. మధ్యలో జారిపోతుంది. వెనక్కి వెళ్ళి వెతుక్కుంటుంది. ఇంకో రాయి పక్కనే ఉన్నా తీసుకోదు. జారిపోయిన ఆ రాయే కావాలి. తెచ్చి పెట్టి, చుట్టూ తిరిగి చూసి, నచ్చకపోతే తీసి ఇంకోచోట పెడుతుంది. మేస్త్రీలు చూస్తే సిగ్గుపడి పని మానేస్తారు.

మంగళవారం మా కాళ్ళ కింద పడి చెదిరిన గూడు అది. నీళ్ళు తగ్గినప్పుడు లోతుకు పారిపోయి, నీళ్ళు రాగానే తిరిగొచ్చి, మేము చెదరగొట్టింది మళ్ళీ పేరుస్తోంది.

"ఇవి ఇంకెక్కడ ఉన్నాయి మేడం?"

"ఉండేవి. ఇప్పుడు ఈ మేట ఒక్కటే మిగిలింది."

నేను డబ్బాలోంచి మొహం తీయలేదు. ఆ చేపకు ఎవరి మీదా కోపమున్నట్టు లేదు. ఉంటే ఇంత బాగా పేర్చలేదేమో. నాకు కోపంగా ఉన్నప్పుడు స్క్రూ కూడా సరిగ్గా బిగియదు.


ఏప్రిల్ 10, శుక్రవారం

బాబాయి ఇంటికి వెళ్ళాను.

"ఎందుకు దించావ్?" అన్నాను గుమ్మంలోనే.

పిన్ని, "ముందు చెప్పులు విప్పి కూర్చోవే," అంది.

"కూర్చోడానికి రాలేదు పిన్నీ."

"కూర్చోకపోతే పోనీ, అరవకు," అన్నాడు బాబాయి. "పక్కింటివాళ్ళు మన మాటలు వినడానికి టీవీ ఆపేశారు."

"ఎందుకు దించావ్ బాబాయ్?"

"అప్పజెప్పాలిగా."

"సుద్దగీత మీదే అప్పజెప్పమన్నారుగా."

"సుద్దముక్కతో గీసింది గీతేంటే? గీతల మధ్య గేటు అప్పజెప్పడం నా ఇంటా వంటా లేదు. నేనేం శాశ్వతంగా దించలేదే. షిఫ్టు దిగేముందు తెల్లగీత మీద పెట్టాను. నువ్వు ఎక్కాక మళ్ళీ సుద్దగీతకి ఎత్తుకుంటావనుకున్నా. ఒక్క పూట ఆగలేవా ఆ చేపలు?"

"చేపలేమన్నా బస్సు కోసం నిలబడ్డాయా, ఆగడానికి? ఎత్తుకోమని నాతో చెప్పావా?"

"గీత మీద పెట్టాను, చూసుకో అన్నాగా. నేను వెళ్ళిన ఎంతసేపటికి చూశావ్?"

"మాట మార్చకు," అన్నాను.

అప్పుడు ఎడమచెయ్యి ఎత్తి నా మొహం ముందు పెట్టాడు. మూడు వేళ్ళ చెయ్యి. మిగతా రెండూ మొసలి తినేసిందని చిన్నప్పుడు చెప్పేవాడు. నమ్మి, ఎనిమిదో తరగతి దాకా నది ఒడ్డుకు వెళ్ళలేదు నేను.

"మొసలి కాదే," అన్నాడు. "షిఫ్టు మార్పు."

అప్పట్లో గొలుసు గేటట. దిగే మనిషి గేటును సగంలో వదిలి, అప్పజెప్పానని చెప్పి వెళ్ళిపోయాడు. ఆగిందనుకుని బాబాయి పళ్ళచక్రానికి గ్రీజు పూయబోయాడు. ఆగలేదు. చూస్తే తెలియనంత మెల్లగా దిగుతోంది.

"రంగుగీత మీద ఉంటే కొక్కెం పడి ఆగినట్టు. గీతల మధ్య ఉంటే ఆగిందో, కదులుతోందో ఎవడు చెబుతాడు? ఆరోజు నుంచి మేమందరం ఒక్కటే మాట. ఎంత లేటైనా సరే, గీత మీద పెట్టాకే దిగాలి. ఆ తర్వాత ఒక్క వేలు పోలేదు ఈ ఆనకట్ట మీద."

"ఇప్పుడది కరెంటు గేటు బాబాయ్. ప్యానెల్ తాళంచెవి తీస్తే కదలదు. నీకు తెలియదా?"

"తెలుసు. నా వేళ్ళకి తెలియదు." చెయ్యి కిందికి దించాడు. "నీకు పది ఉన్నాయి. నేను ఉద్యోగం దిగేనాటికి పదే ఉండాలి."

నాకు ఇంకా కోపం వచ్చింది. చెప్పులు విప్పలేదు కాబట్టి తొందరగా బయటపడ్డాను.


ఏప్రిల్ 11, శనివారం

బాబాయి మీద అరిచానని అమ్మ నాతో మాట్లాడటం లేదు. మాట్లాడటం లేదని గంటకోసారి వచ్చి చెబుతోంది.

నేను వెంటనే చూశాను. గది తాళాలు తీసుకుని, సంతకం పెట్టి, టీ పోసుకుని, వెంటనే.


ఏప్రిల్ 13, సోమవారం

బాబాయిని స్టోరు గదిలో వేశారు. బోల్టులు సైజువారీగా డబ్బాల్లో సర్దుతున్నాడు. వచ్చే నెలాఖరుకి రిటైరు. గేటు ఎక్కిన మనిషి బోల్టుల గదిలోంచి ఇంటికి వెళ్తాడా?

ఇంజనీరు పిలిచాడు. మంచివాడే, కానీ నిర్ణయం అంటే వేడి గిన్నె పట్టుకున్నట్టు పట్టుకుంటాడు, ఎవరైనా దొరికితే వెంటనే అందించేస్తాడు.

"పిల్లలు పూర్తిగా వెళ్ళిపోయేదాకా గేటు గీతల మధ్యే ఉండాలి," అన్నాడు. "ప్రతి షిఫ్టు మార్పుకీ అలాగే అప్పజెప్పాలి. మీ బాబాయి చేతిలోంచి తీసుకునేది నువ్వు. ఆయన్ని మళ్ళీ గేటు మీదికి రానివ్వచ్చా, వద్దా? వచ్చే వారం గురువారం పొద్దుటికి నాకు చెప్పాలి."

"నేనెవర్ని సార్ చెప్పడానికి?"

"మూడో షిఫ్టు మనిషి రెండు షిఫ్టులు చేస్తూ నిలబడి నిద్రపోతున్నాడు. ఇంకెంతకాలం నెట్టను? నువ్వు సరే అంటే వస్తారు. వద్దంటే బయటి మనిషిని తెస్తాను, ఆయన స్టోరులోనే దిగుతారు."

స్టోరు గది ముందునుంచి వచ్చాను. "ఏమన్నాడే?" అన్నాడు బాబాయి తలెత్తకుండా. "ఏమీ లేదు," అన్నాను. "ఏమీ లేనిదానికి అరగంట పట్టిందా?" అన్నాడు. ఒక బోల్టు వెలుగుకు ఎత్తి చూసి తప్పు డబ్బాలో వేశాడు.


ఏప్రిల్ 14, మంగళవారం

మేటకు ఒడ్డువైపున్న గూళ్ళు పోయాయి. చేపలమ్మ రాయి ఎత్తి చూపించింది. తేనె రంగు లేదు. తెల్లగా, బూజు పట్టి ఉన్నాయి. ఆ రోజు అవే ముందు ఎండాయట. నడిమి వరస, లోతు వరస బతికాయి.

పోయిన గూటి మీద కూడా మొగచేప ఉంది. రాళ్ళు తెస్తూనే ఉంది. పక్కన ఇంకో చేప వస్తే తరుముతోంది. మళ్ళీ వచ్చి, ఆ తెల్లగుడ్ల మీద తోకతో నీళ్ళు విసురుతోంది.

"దానికి తెలియదా మేడం?"

చేపలమ్మ చాలాసేపు డబ్బాలోకే చూసింది. "దానికి ఏం తెలుసో నాకు తెలియదు. ఇన్నేళ్ళుగా అదే చూస్తున్నాను," అంది.

వెక్కిరిస్తుందేమోనని ఎదురుచూశాను. వెక్కిరించలేదు. ఇంత పెద్ద మనిషి నాకు తెలియదు అని ఇంత తేలిగ్గా అనడం నేనెప్పుడూ వినలేదు.

వెళ్ళేటప్పుడు, "మీ బాబాయి ఎలా ఉన్నారు?" అని అడిగింది. నాకు ఎక్కడలేని మంట వచ్చింది. ఆవిడ గూళ్ళు చంపిన మనిషి ఎలా ఉన్నాడని ఆవిడే అడగడమేంటి? నేనే అడగలేదు.


ఏప్రిల్ 16, గురువారం

బాబాయిని మేట దగ్గరికి లాక్కెళ్ళాను. లాక్కెళ్ళడమే. "నాకు బోల్టులున్నాయి," అన్నాడు. "పారిపోవులే," అన్నాను.

ముందు పోయిన గూళ్ళు చూపిద్దామనుకున్నాను. అవి చూపించి, ఇదిగో చూడు నువ్వు చేసింది, అనాలని దారంతా మనసులో అనుకుంటూ వచ్చాను. చేపలమ్మ నా మొహం చూసి, ఏమనుకుందో, పలకను నడిమి వరస మీదికి జరిపింది. "ఇటు రండి, ఇక్కడ బాగా కనిపిస్తుంది," అంది.

బాబాయి బోర్లా పడుకున్నాడు. మోకాళ్ళు పట్టేసి, "లేపేవాళ్ళు ఉన్నారా, ఇక్కడే వదిలేస్తారా?" అన్నాడు. కుడిచేత్తో డబ్బా పట్టుకున్నాడు. ఒరిగిపోకుండా ఎడమచెయ్యి నీళ్ళలో రాళ్ళ మీద ఆనించాడు.

డబ్బాలోకి మొహం దూర్చాడు. తర్వాత, "ఇదేంటే, నా చెయ్యి గుద్దుతోంది," అన్నాడు.

"కదపకండి," అంది చేపలమ్మ.

నేను పక్కనుంచి వంగి చూశాను. మొగచేప బాబాయి చేతి దగ్గరే ఉంది. తెగిపోయిన వేళ్ళ దగ్గర, గుండ్రంగా నున్నగా అయిపోయిన ఆ మొదలు, అచ్చం గులకరాయిలా ఉంటుంది. చేప దాన్ని నోటితో పట్టుకుని లాగుతోంది. రాలేదు. చుట్టూ తిరిగింది. ఇంకోవైపు నుంచి పట్టుకుంది. మళ్ళీ లాగింది.

"వీడు నన్ను రాయి అనుకుంటున్నాడు."

"గూటికి పనికొస్తారనుకున్నాడు," అంది చేపలమ్మ.

బాబాయి నవ్వాడు. డబ్బాలో నవ్వు గుయ్యిమంది. తర్వాత నవ్వు ఆగిపోయింది, చెయ్యి మాత్రం తీయలేదు. ఆనకట్ట అడుగునుంచి వచ్చే నీళ్ళు, ఎండాకాలంలో కూడా మంచులా ఉన్నాయి. నేను వేలు పెట్టి చూస్తే జివ్వుమంది. ఆయన చెయ్యి నీలంగా మారేదాకా అలాగే ఉంచాడు. ఆ చేప మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది. నా జీవితంలో ఆ చేతిని పట్టుకోవడానికి జంకని ప్రాణిని చూడటం అదే మొదలు. నేను కూడా చిన్నప్పుడు కుడిచెయ్యే పట్టుకునేదాన్ని.

తిరిగొచ్చేటప్పుడు అడిగాను.

"చూశావుగా."

"చూశాను."

"మరి గేటు?"

కొంత దూరం నడిచాడు. "ఎంత బుల్లి నోరే వాడిది," అన్నాడు.

"గేటు బాబాయ్."

"గేటు గీత మీదే ఇస్తా."

మేట మీద కరిగినవాడు మెట్లెక్కేసరికి మళ్ళీ రాయి. చూసినంత మాత్రాన భయం పోతుందని ఎవరు చెప్పారు నాకు? నేనే చెప్పుకున్నాను.


ఏప్రిల్ 17, శుక్రవారం

షిఫ్టు. గేటు సుద్దగీత మీద. నిద్రమొహం మనిషి అప్పజెప్పాడు. తాళంచెవి ప్యానెల్‌లోనే వదిలేసి వెళ్ళాడు. గ్రీజు పూయడానికి పళ్ళచక్రం దగ్గరికి వెళ్ళబోయి ఆగాను. ఆగిందా? కదులుతోందా? చాలాసేపు చూశాను. నిజంగానే తెలియదు.

తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాను. అప్పటిగ్గానీ చెయ్యి చాచలేకపోయాను.


ఏప్రిల్ 18, శనివారం

గుడ్లు పిల్లలయ్యాయి.

చేపలమ్మ ఫోను చేసి ఒక్కటే మాట అంది, "వచ్చెయ్." జుట్టు కూడా ముడి వేసుకోకుండా వెళ్ళాను.

మొదట ఏమీ కనిపించలేదు. రాళ్ళే. "రాళ్ళను చూడకు, రాళ్ళ సందులు చూడు," అంది. చూస్తూ ఉన్నాను. సందుల్లో నీడలు వణుకుతున్నాయి. నీళ్ళ కదలిక అనుకున్నాను. కాదు. ఆ వణుకే చేపపిల్లలు. గాజుపోగులు అంటే నమ్మాలి. ఒంట్లోంచి వెనకున్న రాయి కనిపిస్తోంది. కళ్ళు మాత్రం అవే రెండు నల్లచుక్కలు. కడుపు కింద తేనెబొట్టు ఒకటి వేలాడుతోంది. అది కరిగేదాకా అదే తిండి, అప్పటిదాకా రాళ్ళ సందులోంచి కదలవట. ఒక్కదానికి గుండె కనిపించింది. చర్మం కింద ఎర్రటి చుక్క, కొట్టుకుంటోంది. నేను ఊపిరి బిగబట్టాను. నా ఊపిరికి అవి కొట్టుకుపోతాయన్నట్టు.

తల తిప్పి పైకి చూశాను. ఆనకట్ట. అంత ఎత్తు గోడ, దాని వెనక అంత నీళ్ళు, ఆ మధ్యలో ఇనపగేటు, దాని పక్కన చెరిగితే చెరిగిపోయే ఒక సుద్దగీత. ఈ గుండెచుక్క ఆ గీతను పట్టుకుని కొట్టుకుంటోంది. ఆ గీత మీద గేటును ఉంచేది నేను. ఎనిమిదో తరగతితో బడి మానేసి, కాలిపోయిన మోటార్లు విప్పి విప్పి పని నేర్చుకున్న నేను. ఇద్దరం పలక మీద పక్కపక్కనే పడుకుని ఉన్నాం, కాపలా మనిషి పైనుంచి మమ్మల్ని చూసి తల కొట్టుకున్నా సరే.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. మాట్లాడకూడదన్న సంగతి మరిచిపోయి, "గుండె కూడా కనబడిందా?" అంది. గుర్తొచ్చి మళ్ళీ మూతి ముడుచుకుంది.


ఏప్రిల్ 19, ఆదివారం

రేపు స్టోరు గదికి వెళ్ళి బాబాయికి చెప్పాల్సింది ఇక్కడ రాసుకుంటున్నాను. ఎదురుగా నిలబడితే నేను అరుస్తాను, ఆయన జోకులేస్తాడు, అసలు మాట మధ్యలో పోతుంది. అందుకని.

బాబాయ్. ఒడ్డువరస గూళ్ళు నువ్వు చంపావు. నువ్వు నాకోసం చేశావని తెలుసు. తెలిసినా అవి లేచి రావు. నేను వచ్చిన వెంటనే చూడలేదు. టీ తాగాక చూశాను. అది నువ్వు అడిగావు, నేను చెప్పలేదు, ఇప్పుడు చెప్పాను, అయిపోయింది. దాన్ని పట్టుకుని వేలాడకు.

గీతల మధ్య గేటు ఆగిందో లేదో కంటికి తెలియదన్నావు. నిజమే. మొన్న నేనే నిలబడి చూశాను. తెలియదు. నీ భయం పిచ్చిది కాదు. కానీ గీత చెప్పే మాట తాళంచెవి కూడా చెబుతుంది. గేటు సుద్దగీత మీద ఉండగానే తాళంచెవి తిప్పి, బయటికి తీసి, ఆ ఎడమచేత్తోనే నా చేతిలో పెట్టు. బల్ల మీద కాదు, నా చేతిలో. అప్పుడు నీ ఎదురుగా నేను పళ్ళచక్రం మీద చెయ్యి పెడతాను. పది వేళ్ళూ. నువ్వు ఎంతసేపు చూడాలనుకుంటే అంతసేపు చూడు. నీకు నమ్మకం కుదిరేదాకా నేను చెయ్యి తీయను, నువ్వు ఇంటికి వెళ్ళొద్దు. రోజూ అలాగే. పిల్లలు లోతుకు వెళ్ళిపోయేదాకా రోజూ.

చేయలేనంటే చేయలేనని చెప్పు. తప్పు పట్టను. ఇంజనీరుకి వద్దని చెబుతాను, నువ్వు బోల్టుల గదిలోంచే రిటైరవుతావు, అమ్మ నాతో మాట్లాడదు, నేనూ ఏడుస్తాను, అయినా చెబుతాను. ఆ గుండెలు చూశాక నీకోసం కూడా అబద్ధం చెప్పలేను.

తాళంచెవి నా చేతిలో పెడతావా, పెట్టవా? బుధవారం సాయంత్రం స్టోరుకి తాళం వేసేలోపు నీ నోటితో చెప్పు. పిన్నితో చెప్పించకు, పడుకున్నానని చెప్పించకు. చెప్పకపోతే పెట్టవనే అనుకుంటాను. గురువారం పొద్దున ఇంజనీరు గదికి ఒక్కదాన్నే వెళ్తాను.